చంద్రబాబు మా ఆఫీసు ఐటీ హెడ్ అయితే? కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

ఆఫీసుల్లో కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టించి, సిబ్బందికి నేర్పించి, అది కుదురుకునేదాకా అక్కడే ఉండటం నా పని. పదిహేనేళ్లు దాటింది. ఎక్కడికెళ్లినా ఎవరో ఒకరు "మాకూ చంద్రబాబులాంటి బాస్ ఉంటే ఇవన్నీ ఎప్పుడో అయిపోయేవండీ" అంటారు. పక్కనున్నాయన వెంటనే ఒప్పుకోడు, ఇక ఇద్దరూ మొదలుపెడతారు. పార్టీల సంగతి వదిలేసి, ఆయన్ని ఒక టెక్నాలజీ బాస్‌గా మాత్రమే ఊహించుకుని నాకు తోచింది రాస్తున్నాను.

అపోహ: టెక్నాలజీ బాస్‌కి కోడింగ్ వచ్చి తీరాలి.

ఆయన ఎస్వీ యూనివర్సిటీలో చదివింది ఎంఏ ఎకనామిక్స్. అయినా ఆయన ముఖ్యమంత్రిగా ఉండగానే, ఐటీ కంపెనీల కోసం కట్టిన సైబర్ టవర్స్ 1998 నవంబర్‌లో ప్రధాని వాజ్‌పేయి చేతుల మీదుగా మొదలైంది, హైదరాబాద్‌లో ట్రిపుల్ ఐటీ వచ్చిందీ ఆ ఏడాదే. బాస్ కోడ్ రాయక్కర్లేదు. "ఈ పనికి ఇన్ని రోజులు ఎందుకు పడుతోంది?" అని అడగాలి, వారం తర్వాత గుర్తుపెట్టుకుని మళ్లీ అడగాలి. నేను చూసిన ప్రాజెక్టుల్లో చాలావరకు మూలపడింది ఆ రెండోసారి అడిగే మనిషి లేకే.

అపోహ: కంప్యూటర్ వస్తే మధ్యవర్తి పోతాడు.

దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ఒకప్పుడు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దస్తావేజులు పుస్తకాల్లోకి చేత్తో ఎక్కించేవాళ్లు, ఈసీ (ఆస్తి మీద ఏ లావాదేవీలు జరిగాయో చూపే పత్రం) కావాలంటే ఏళ్ల తరబడి ఇండెక్సులు తిరగేయాలి, రోజులు పట్టేది. 1998లో ఆయన హయాంలో రిజిస్ట్రేషన్లను కంప్యూటర్‌కి ఎక్కించే 'కార్డ్' ప్రాజెక్టు వచ్చాక కంప్యూటర్‌కి ఎక్కిన ఆఫీసుల్లో ఈసీ నిమిషాల్లో చేతికొచ్చింది. గొప్ప మార్పే. కానీ డాక్యుమెంట్ రైటర్లు ఆఫీసు బయట అలాగే ఉన్నారు, ఇప్పటికీ ఉన్నారు. ఎందుకంటే కంప్యూటర్ తగ్గించింది వెతికే పనిని. ఏ కాగితం ఎలా రాయించాలి, ఎక్కడ తప్పు పోతే స్థలం పోతుంది అనే భయం మాత్రం కొనేవాడిలో అలాగే ఉంది, ఆ భయం ఉన్నంతకాలం పక్కన తెలిసిన మనిషి కావాలి.

నాకూ ఇది ఒకచోట అనుభవమైంది. సెలవు దరఖాస్తులన్నీ ఆన్‌లైన్ చేశాం. నెల తిరిగేసరికి అందరూ కాగితం మీద రాసిచ్చి, ఒక కుర్రాడి చేత ఎంట్రీ చేయించుకుంటున్నారు. చూస్తే మేం ఇచ్చిన ఫారంలో 19 గడులు, అన్నీ ఇంగ్లీషులో. తప్పు మాది. నాలుగు గడులకు తగ్గించి తెలుగులో పెట్టాక ఎవరిది వాళ్లే చేసుకున్నారు.

అపోహ: డ్యాష్‌బోర్డులో పచ్చగా ఉంటే పని అయినట్టే.

వెలగపూడి సచివాలయంలో ఆర్టీజీఎస్ (రియల్ టైమ్ గవర్నెన్స్ సొసైటీ) వాళ్లు ప్రభుత్వ పనుల తీరు చూడటానికి పెట్టిన తెరలు చూసి చాలా కంపెనీల వాళ్లు అలాంటిదే కావాలంటారు. తెర పెట్టడం తేలిక. అయితే రివ్యూలో ఎరుపు కనిపిస్తే తిట్లు పడతాయని తెలిసిన రోజు నుంచి, సిబ్బంది సమస్య తీర్చడం మానేసి టికెట్ (నమోదైన ఫిర్యాదు) క్లోజ్ చేయడం మొదలుపెడతారు. నేను కళ్లారా చూశాను, వందల టికెట్లు ఒక్క సాయంత్రంలో పచ్చబడ్డాయి, మర్నాడు అవే ఫోన్లు మళ్లీ వచ్చాయి. అందుకే ప్రభుత్వ ఫిర్యాదుల కోసం పెట్టిన 1100 కాల్‌సెంటర్ నుంచి జనానికే ఫోన్ చేసి "మీ పని అయిందా?" అని అడిగే పద్ధతి నాకు తెరలకన్నా ఎక్కువ నచ్చింది. మీ ఆఫీసులోనూ ఫిర్యాదు చేసినవాళ్లలో రోజుకు ఐదుగురికి ఫోన్ చేయండి చాలు.

అపోహ: బాస్ వేగమే అందరి వేగం.

కాదు. గంటల కొద్దీ టెలికాన్ఫరెన్స్ నడిస్తే కింది ఉద్యోగి లెక్కలు తయారుచేసుకోవడంలోనే మునిగిపోతాడు, అసలు పని సాయంత్రానికి జరుగుతుంది.

అపోహ: బాస్ మారితే సిస్టమ్ మూతపడుతుంది.

2004 ఎన్నికల్లో ఆయన పార్టీకి 294 సీట్లలో 47 వచ్చాయి. ఓటమికి కారణాలు చాలా, కరవు వాటిలో పెద్దది, అప్పులో ఉన్న రైతుకి నగరంలో బిల్లు కౌంటర్ వల్ల ఒరిగేది ఏమీ లేదు కూడా. కానీ ఆయన పెట్టించిన ఈసేవ, అంటే బిల్లులన్నీ ఒకేచోట కట్టే కౌంటర్లు, ఆగలేదు. 1999 చివర్లో హైదరాబాద్‌లో 'ట్విన్స్' పేరుతో ప్రయోగంగా మొదలై, 2001లో ఈసేవ అయి, ప్రభుత్వం మారినా నడిచి, 2011లో మీసేవ వచ్చేదాకా సాగింది. కరెంటు బిల్లుకో లైను, నల్లా బిల్లుకో లైను నిలబడే మనిషికి ఒకే కౌంటర్లో అన్నీ అయిపోయి సగం రోజు మిగిలింది. దాన్ని ఎవరు మూసేస్తారు? కొత్త సిస్టమ్ పెట్టేటప్పుడు నేను మొదట వెతికేది ఆ మిగిలే సగం రోజునే. అది ఎవరికి మిగులుతుందో చెప్పలేని ప్రాజెక్టు ఒప్పుకోవాలంటే నాకు టెన్షన్.

2025 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌లో 'మన మిత్ర' పేరుతో వాట్సాప్‌లో 161 సేవలు మొదలయ్యాయి. ఆయనే నా బాస్ అయి, తర్వాత ఏం చేద్దామని నన్నడిగితే, కొత్త సేవలు చేర్చేముందు ఒక పని చేద్దామంటాను. ముందు చెప్పకుండా ఒక మండలానికి వెళ్లి, ఫోన్ పట్టుకుని కుల ధ్రువీకరణ పత్రం కోసం తంటాలు పడుతున్న ఒక అమ్మ పక్కన కూర్చుందాం సార్, ఆమె ఎక్కడ ఆగిపోయి మనవడిని పిలుస్తుందో అక్కడ రాసుకుందాం.