కూపర్స్‌టౌన్‌లో బంతి ఉంది, మనిషి లేడు

చిన్నా, బుజ్జీ,

సంక్రాంతి రోజు ఫోన్‌లో మీరిద్దరూ వాదులాడుకుంటుంటే నాకు సగమే అర్థమైంది. అమెరికా బేస్‌బాల్‌లో 762 హోమ్ రన్లు (మన సిక్సర్ల లాంటివి) కొట్టిన బ్యారీ బాండ్స్‌కి హాల్ ఆఫ్ ఫేమ్‌లో, అంటే గొప్ప ఆటగాళ్ల కంచు పలకలు పెట్టే కూపర్స్‌టౌన్ మ్యూజియంలో, చోటెందుకు లేదు తాతయ్యా అని చిన్నా, మందులు వాడి మోసం చేశాడు కాబట్టి అని బుజ్జి. అప్పుడు ఏం చెప్పాలో తోచలేదు. నాలుగు రోజులు అదే ఆలోచించి ఇప్పుడు రాస్తున్నాను.

నేను మీ అంత ఉన్నప్పుడు ఒంగోలు దగ్గర మా ఊళ్లో తిరునాళ్లకి ఎడ్ల బండలాగుడు పందేలు జరిగేవి. పెద్ద రాతిబండ, దానికి కట్టిన జత, ఇచ్చిన టైములో ఎన్ని అడుగులు లాగితే అన్ని అడుగులు, అంతే లెక్క. మా నాన్న మా ఎడ్లకి ఉడకబెట్టిన ఉలవలు తన చేత్తో తినిపించేవాడు, అవి తిన్నాకే ఇంట్లో మాకు అన్నం. ఒక ఏడాది పక్కూరి జత మా జత కంటే వంద అడుగులు ఎక్కువ లాగింది. పందేనికి ముందు వాటికి ఏదో తాగించారని తర్వాత ఎవరో అన్నారు. రుజువు లేదు. ఆ రాత్రి రచ్చబండ దగ్గర పెద్దలు తెల్లారేదాకా వాదించుకున్నారు, బహుమతి వెనక్కి తీసుకోవాలని కొందరు, తాగించకపోయినా గెలిచే జతే కదా అని కొందరు. రెండో స్థానం మాది. మా నాన్న ఎవరితో ఏమీ అనలేదు, పాకలో కూర్చుని ఎడ్ల మెడలు నిమురుతూ ఉండిపోయాడు.

బాండ్స్ గురించి జరిగే వాదనా అదే. ఎవరికీ అనుమానం రాకముందే, 1993 నాటికే, అతను మూడుసార్లు ఎంవీపీ, అంటే ఆ ఏడాది లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడు. తాగించకపోయినా గెలిచే జత! తర్వాత 2001లో ఒక్క సీజన్‌లోనే 73 కొట్టాడు. ఆ మందులు వాడితే శిక్ష వేసే పరీక్షలు పెట్టింది 2004లో, అంటే అప్పటిదాకా బరి దగ్గర కాపలా లేనట్టే. 1998లో 70 కొట్టిన మార్క్ మెగ్వైర్ 2010లో కండబలం పెంచే స్టెరాయిడ్లు వాడానని తనే ఒప్పుకున్నాడు. హాల్‌లోకి ఎవరు వెళ్లాలో ఓటు వేసేది బేస్‌బాల్ మీద రాసే విలేకరులు, నూటికి 75 ఓట్లు రావాలి. పదేళ్లు ప్రయత్నించిన బాండ్స్‌కి చివరి ఏడాది 2022లో వచ్చినవి 66. అదే ఏడాది 541 హోమ్ రన్ల డేవిడ్ ఓర్టిజ్ లోపలికి వెళ్లాడు. శిక్షలేమీ లేని 2003 పరీక్షల విషయంలో అతని పేరు కూడా పత్రికల్లో వచ్చింది, తప్పు మాత్రం రుజువు కాలేదు.

ఎద్దుకి ఏం తాగించారో ఎద్దుకి తెలియదు, మనిషికి తెలుస్తుంది కదా అని మీరు అడుగుతారు. నేనూ అక్కడే ఆగిపోయాను. బాండ్స్ మాత్రం, కేసు నడపాలో వద్దో తేల్చే గ్రాండ్ జ్యూరీ ముందు, తన ట్రైనర్ ఇచ్చింది అవిసె నూనె అనుకున్నానని చెప్పాడు. విచారణకి అడ్డుపడ్డాడని 2011లో దోషిగా తేల్చారు, 2015లో పై కోర్టు దాన్ని కొట్టేసింది. ఆ మాట నిజమో కాదో నేనెలా చెప్పను?

ఇంకో సంగతి. మా పందెంలోకి కొన్ని పేటల వాళ్ల జతల్ని అసలు రానిచ్చేవాళ్లు కాదు. అది ఎంత పెద్ద అన్యాయమో అప్పట్లో నాకు తట్టనే లేదు. జాష్ గిబ్సన్ అనే గొప్ప బేస్‌బాల్ ఆటగాడు నల్లవాడు కాబట్టి అతన్ని అక్కడి పెద్ద పోటీలైన మేజర్ లీగ్స్‌లో ఆడనివ్వలేదు. నల్లవాళ్ల కోసం విడిగా ఉన్న నీగ్రో లీగ్స్‌లో ఆడి, 1947 జనవరిలో 35 ఏళ్లకే చనిపోయాడు. ఆ తర్వాత మూడు నెలలకే నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్సన్ మేజర్ లీగ్స్ మైదానంలో అడుగుపెట్టాడు. మూడు నెలలు, పిల్లలూ! 1972లో గిబ్సన్‌ని హాల్‌లోకి తీసుకున్నారు, దాదాపు 800 హోమ్ రన్లని అతని కంచు పలక మీద రాశారు. నల్లవాడైన హాంక్ ఆరన్ 1974లో తెల్లవాడైన బేబ్ రూత్ 714 హోమ్ రన్ల రికార్డు దాటబోతుంటే, చంపేస్తామని ఉత్తరాలు వచ్చాయి. ఆయన ఆట ఆపలేదు, 755 దాకా వెళ్లాడు.

నన్నడిగితే ఆ ఇద్దరి తర్వాతే ఎవరైనా. బాండ్స్‌నీ లోపలికి రానివ్వాలి, కానీ పలక మీద 762 పక్కనే ఈ గొడవంతా రాసి ఉంచాలి, దాచకూడదు. బుజ్జి ఒప్పుకోదని తెలుసు, మా నాన్న కూడా ఒప్పుకునేవాడు కాదేమో.

వేసవి సెలవుల్లో నాన్నని అడిగి కూపర్స్‌టౌన్ వెళ్లండి. 2007లో ఆరన్ రికార్డు దాటిన బాండ్స్ 756వ బంతిని ఆ మ్యూజియానికి ఇచ్చారు. దాన్ని కొన్నాయన ఇంటర్నెట్‌లో జనాన్ని ఓటడిగి, వాళ్లు చెప్పినట్టే దాని మీద, ఈ రికార్డు మీద అనుమానం ఉందని చెప్పే నక్షత్రం గుర్తు (*) చెక్కించి మరీ ఇచ్చాడు. అది బయట పెట్టారో లేదో అడగండి, పెట్టి ఉంటే దాని ముందు కాసేపు నిలబడండి. తర్వాత గిబ్సన్ పలక ఎక్కడుందో వెతికి, మొత్తం చదివి నాకు రాయండి. ఫోటో పంపొద్దు, మీ మాటల్లో రాయండి.

మీ తాతయ్య