తునికాకు అమ్మకం: రేటు చూసి మోసపోకండి, పర్మిట్ పుస్తకం వదలకండి

మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా సిరొంచ పల్లెల్లో తునికాకు (బీడీలు చుట్టే ఆకు) సీజన్ వచ్చిందంటే ప్రతి గ్రామసభలో ఒకటే మాట: "ఎక్కువ రేటు చెప్పినోళ్లకే ఆకు ఇద్దాం." అన్నిటికంటే ఎక్కువ ముంచేది ఈ అపోహే. కాగితం మీద రాసిన రేటు చేతికొచ్చిన డబ్బు కాదు. లారీ వెళ్లిపోయాక "మార్కెట్ పడింది, ఆకు బాగాలేదు" అని ఆకు కొన్న కాంట్రాక్టర్ చేతులెత్తేస్తే, మే నెల ఎండలో ఆకు తెంపినవాళ్లు అతని చుట్టూ తిరగాల్సిందే.

ఉదాహరణకు 300 బస్తాలు అనుకోండి. ఒకరు బస్తాకు 12,000 అంటారు, కానీ ముందు ఇచ్చేది పదో వంతు. అంటే 3.6 లక్షలు వస్తాయి, 32.4 లక్షలు మాట మీదే ఉంటాయి. ఇంకొకరు 10,000 అన్నా ప్రతి లోడుకూ ముందే జమ చేస్తారు. 30 లక్షలూ ఖాతాలో పడతాయి. రెండోదే మంచి బేరం.

మీ చేతిలో ఉన్న తాళం రవాణా పర్మిట్, అంటే ఆకు లోడు తీసుకెళ్లడానికి ఇచ్చే అనుమతి కాగితం. 2012లో సవరించిన అటవీ హక్కుల నియమాల ప్రకారం దాన్ని ఇచ్చేది గ్రామసభ వేసుకున్న కమిటీ, లేదా గ్రామసభ అధికారం ఇచ్చిన మనిషి. పాస్‌బుక్‌లో జమ చూశాకే, ఆ లోడుకు మాత్రమే రాయండి: బస్తాల సంఖ్య, లారీ నంబరు, తేదీ. చెక్కు ఇస్తే అది క్లియర్ అయ్యేదాకా ఆగండి. ఖాళీ పర్మిట్ల మీద ముందే సంతకాలు పెట్టి ఉంచడం వల్లే ఊళ్లు మునుగుతాయి. ఇదే గడ్చిరోలి జిల్లాలో మెంఢా-లేఖా గ్రామసభ 2011లో తమ వెదురుకు పర్మిట్ పుస్తకం చేతికి తెచ్చుకుంది.

"గోదావరి అవతల కట్టకు ఇంత ఇస్తున్నారట" అనే పుకారు వినకండి. అక్కడ, తెలంగాణలో, కట్టకు 50 ఆకులు, మహారాష్ట్రలో 70. బస్తాకు కట్టలు మాత్రం వెయ్యే. పోల్చాలంటే ఆకు లెక్కన పోల్చండి.

కల్లంలో ఆకు ఆరాక బస్తాల్లో తొక్కే ముందు నీళ్లు చల్లుతారు, లేకపోతే పొడైపోతుంది. నీళ్లు ఎక్కువైతే బూజు పట్టి, రేటు కోయడానికి కాంట్రాక్టర్‌కు సాకు దొరుకుతుంది.

అడవి మీద ఊరందరికీ కలిపి ఇచ్చే సామూహిక హక్కు పత్రం ఉన్నా "ఫారెస్టోళ్లు కేసు పెడతారేమో" అని భయపడేవాళ్లున్నారు. తరాలుగా పడ్డ బాధ అది, అర్థమవుతుంది. కానీ ఆకు సేకరించి అమ్ముకునే హక్కు 2006 అటవీ హక్కుల చట్టంలోనే ఉంది, రాయల్టీ కట్టక్కర్లేదు. అయితే అమ్మకానికి పంచాయతీ తీర్మానం ఒక్కటే సరిపోదు, గ్రామసభ తీర్మానం కావాలి. గ్రామసభకు సభ్యుల్లో సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. హాజరు సంతకాలు, వేలిముద్రలు అదే రోజు రిజిస్టర్‌లో తీసుకోండి.