వరదలో క్యాట్‌ఫిష్ ఒడ్డుకొస్తుంది

అమెరికాలో మిస్సోరీ నది పొంగినప్పుడు గట్టు మీద నిలబడి చూస్తే, ఆ బురదనీళ్లలో, కొట్టుకొచ్చే మానుల మధ్య చేపలు ఎలా బతుకుతాయా అనిపిస్తుంది. గాలం వేసేవాళ్లలో చాలామంది నీరు తగ్గేదాకా ఇల్లు కదలరు. కానీ వేసవి మొదట్లో వచ్చే గోరువెచ్చని వరద ఛానల్ క్యాట్‌ఫిష్‌కి మంచి అదను. కరకట్టల మధ్య నీరు ఎంత పెరిగితే, ఆ చేప నిలవగలిగే చోటు అంత ఇరుకవుతుంది. అంటే దాన్ని వెతకడమూ తేలికవుతుంది.

ఇది మన జెల్లకి, వాలుగకి దూరపు చుట్టం. ఒంటి మీద పొలుసులుండవు, నోటి చుట్టూ 8 మీసాలుంటాయి. 1997 నుంచి ఇది మిస్సోరీ రాష్ట్ర చేప.

నీటి వేగం రెట్టింపైతే, ఎదురు నిలిచిన చేప మీద పడే తోపుడు దాదాపు 4 రెట్లవుతుంది. నడి ఏటిలో రోజంతా ఎదురీదితే, తిన్న తిండి ఆ ఈతకే చాలదు. అందుకే అది వేగం తగ్గిన చోటు చూసుకుంటుంది: అడుగున రాళ్ల చాటు, కూలిన చెట్టు వెనక, ఒడ్డు వంపులో సుడి తిరిగే నీరు. ఉపనదులు కలిసే చోట్లు ఇంకా మంచివి. గోదావరికి వరదొస్తే శబరికి ఎగపోటు తగిలినట్టే, పెద్ద నది నిండినప్పుడు ఉపనది నీరు వెనక్కి తన్ని నెమ్మదిస్తుంది. మునిగిన గడ్డిలోంచి వానపాములు, పురుగులు కొట్టుకొచ్చి అక్కడే చేరతాయి.

ఏమీ కనపడని నీళ్లలో వాటిని ఎలా పట్టుకుంటుంది? ఈ చేపకి నాలుక మీదే కాదు, ఒళ్లంతా రుచి మొగ్గలుంటాయి. మీసాల మీద మరీ దట్టంగా ఉంటాయి. దీని దగ్గరి బంధువు బుల్‌హెడ్ మీద 1967లో ఒక పరిశోధన వెలువడింది. వాసనతో పనిలేకుండా, కదలని నీటిలో సైతం అవి రుచి ఆధారంగానే తిండి దగ్గరికి చేరాయి. ఒక పక్క రుచి మొగ్గలు పనిచేయకుండా చేస్తే, బాగున్న పక్కకే గుండ్రంగా తిరిగాయి. ఎడమ, కుడి రుచులను పోల్చుకుంటూ దారి వెతుక్కుంటాయన్నమాట. 1970లలో జాన్ కాప్రియో అనే శాస్త్రవేత్త ఛానల్ క్యాట్‌ఫిష్ రుచి నరాలను పరీక్షించి, అలనీన్, ఆర్జినీన్ లాంటి అమైనో ఆమ్లాలు నీటిలో చాలా పలచగా ఉన్నా అవి పసిగడతాయని చూపించారు. మాంసం, పురుగులు, చచ్చిన చేప, దేనిలోంచైనా నీటిలోకి ఊరేవి అవే. బురద కళ్లకి అడ్డు గానీ, ఈ రుచికి కాదు.

కాబట్టి ఎర వేయాల్సింది జోరు నీరు, నెమ్మది నీరు ఒరుసుకునే గీత మీద, చేప దాక్కుని ఉంటుందనుకున్న చోటుకి కాస్త ఎగువన. అప్పుడు రుచి దాని దగ్గరికే వెళ్తుంది. గుండ్రటి సీసం గుండైతే దొర్లిపోతుంది, చదునైనది అడుగున నిలుస్తుంది. ప్రవాహంలో ఎర సారం తొందరగా కడుక్కుపోతుంది కనుక మార్చడానికి బద్ధకించకూడదు. పడవ మాత్రం వద్దు. లంగరు వేసిన పడవ మీదికి ఒక్క మాను వచ్చి తగిలితే చాలు. ఒడ్డే మేలు, చేప ఉన్నదీ అక్కడే. నీరు తీయడం మొదలైతే అది మునిగిన నేల వదిలి మళ్లీ లోతుకి జారుకుంటుంది, అప్పుడు చోటు మార్చాలి.

నన్ను బాధపెట్టేది కరకట్టలే. ఒకప్పుడు ఈ నది వరదొస్తే మైళ్ల కొద్దీ పల్లపు నేల మీద పరుచుకునేది, చేపలకి అదంతా మేత. స్యూ సిటీ నుంచి దిగువన పడవల రాకపోకల కోసం నదిని ఒక కాలువలా బిగించేశారు. 1993 మహా వరదలో చాలాచోట్ల కట్టలు తెగాయి. ఆ మరుసటి ఏడే బిగ్ మడ్డీ అభయారణ్యం ఏర్పాటైంది. వరద పాడుచేసిన పల్లపు భూముల్లో కొన్నిటిని కొని మళ్లీ నదికి వదిలారు. అక్కడ నీరు పొంగితే చేపలు ఇప్పటికీ చెట్ల మధ్యకి వెళ్లి మేస్తాయి.