తగ్గిన భయం మళ్లీ ఎందుకు తిరిగొస్తుంది?

1911లో స్విస్ వైద్యుడు ఎడువార్డ్ క్లాపరేడ్ ఒక సంగతి రాశాడు. జ్ఞాపకశక్తి దెబ్బతిన్న ఒకామె రోజూ చూసే డాక్టర్లను కూడా గుర్తుపట్టేది కాదు. ఒకరోజు ఆయన వేళ్ల మధ్య గుండుసూది దాచుకుని ఆమె చెయ్యి పట్టుకున్నాడు. సూది గుచ్చుకుంది. కాసేపటికే ఆమె ఆ మాట మరిచిపోయింది. కానీ ఆయన మళ్లీ చెయ్యి చాపితే చటుక్కున వెనక్కి లాక్కుంది. ఎందుకని అడిగితే, సూది గుచ్చుకున్న సంగతి మాత్రం ఆమెకు గుర్తురాలేదు. అంటే భయానికి మెదడులో వేరే చోటుంది.

ఆ చోటు అమిగ్డలా అని తేలడానికి దశాబ్దాలు పట్టింది. బాదం గింజ ఆకారంలో, రెండు కణతల లోపలి వైపున ఉంటుంది. 1980లలో అమెరికన్ మెదడు శాస్త్రవేత్త జోసెఫ్ లెడూ ఎలుకలకు ఒక శబ్దం వినిపించి, వెంటనే చిన్న షాక్ ఇచ్చాడు. ఆ తర్వాత ఒట్టి శబ్దానికే ఎలుక కొయ్యబారిపోయేది. ఊపిరికి పక్కలు ఎగసిపడటం తప్ప వేరే కదలిక ఉండేది కాదు. వినికిడికి సంబంధించిన కార్టెక్స్‌ను (మెదడు పైపొరను) దెబ్బతీసినా ఆ భయం ఏర్పడింది. ఇంద్రియాల సమాచారాన్ని మెదడులో ముందుకు పంపే థాలమస్ నుంచి అమిగ్డలాకు నేరుగా ఒక అడ్డదారి ఉందని అలా బయటపడింది.

మరి భయం పోయేదెలా? షాక్ లేకుండా అదే శబ్దం పదేపదే వినిపిస్తే ఎలుక బిగుసుకోవడం మానేస్తుంది. దాంతో పాత జ్ఞాపకం చెరిగిపోయిందనుకోవడం తేలికే. కానీ రష్యన్ శాస్త్రవేత్త పావ్‌లోవ్ తన ప్రయోగాల కుక్కల్లో ముందే గమనించాడు: ఇలా అణిగిన స్పందన కొంత విరామం తర్వాత దానంతటదే తిరిగొస్తుంది. నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తానికీ కీలకం ఇదే. 2002లో పరిశోధకులు మహమ్మద్ మిలాద్, గ్రెగరీ క్వర్క్ దీనికి నాడీకణాల స్థాయిలో ఆధారం చూపించారు. భయం తగ్గిన మర్నాడు అదే శబ్దం వినిపిస్తే, ఎలుక మెదడు ముందుభాగంలో ఇన్‌ఫ్రాలింబిక్ అనే చోట కణాలు చురుకయ్యాయి. అవి ఎంత చురుగ్గా ఉంటే భయం అంత తక్కువ. పాతది అలాగే ఉంది. ‘ఇప్పుడు ప్రమాదం లేదు’ అనే కొత్త పాఠం దాన్ని అదిమిపెడుతోంది.

ఈ కొత్త పాఠం ఎక్కడ నేర్చుకుంటే అక్కడికే ఎక్కువగా అతుక్కుని ఉంటుంది. ఏ చోటో గుర్తుపట్టే పని మెదడులోని హిప్పోక్యాంపస్ అనే భాగానిది. మనుషుల భయాలకు చేసే చికిత్సా ఇలాంటిదే: భయపెట్టేదాన్ని ప్రమాదం లేకుండా పదేపదే ఎదుర్కోనిస్తారు. అందుకే చికిత్స గదిలో ధైర్యంగా ఉన్న మనిషికి వేరే చోట మళ్లీ గుండె దడ, చెమటలు. అది అతని పిరికితనం కాదు, చికిత్స వృథా అయిందనీ కాదు. అయినా ‘ఇంకా టెన్షనేనా?’ అని ఇంట్లోవాళ్లే నొప్పించడం చూస్తే బాధేస్తుంది. ఇది తెలిసిన థెరపిస్టులు ఒకే గదిలో ఆపేయరు. భయపెట్టే వస్తువును గదిలోనూ, బయటా, వేర్వేరు వేళల్లోనూ ఎదుర్కోనిస్తారు.