మట్టి చదువు గురించి మీ అమ్మమ్మ రాసేది

చిట్టీ, బాబీ,

ఇద్దరికీ ఆశీస్సులు. "అగ్రికల్చర్ బీఎస్సీలో సీటు వచ్చింది సరే, మట్టి మీద కూడా పరీక్షలు రాయాలట. మట్టిలో చదవడానికి ఏముంటుంది అమ్మమ్మా?" అని మొన్న ఫోన్లో అడిగావు చిట్టీ. ఫోన్లో రెండు ముక్కల్లో తేలే విషయం కాదని కూర్చుని రాస్తున్నాను. బాబీ, నువ్వూ చదువు. నీకు రాళ్ళంటే ఇష్టం కదా, మట్టి ఆ రాళ్ళలోంచి వచ్చిందే.

నేను బాపట్ల వ్యవసాయ కళాశాలలో చదివాను. 1945లో పెట్టిన కాలేజీ అది. ఒక ఎండాకాలం మమ్మల్ని గుంటూరు వైపు నల్లరేగడి చేనుకి తీసుకెళ్ళి, మనిషి లోతు గొయ్యి తవ్వించి అందులోకి దిగమన్నారు. పైన నేలంతా నెర్రెలు విచ్చి ఉంది. ఒక నెర్రెలో చెయ్యి పెడితే మోచేతి దాకా దిగింది. గోతిలో దిగి గోడ చూస్తే, నడుము లోతున మట్టిపెళ్ళలు ఏటవాలుగా, నూనె రాసినట్టు నున్నగా మెరుస్తున్నాయి. ఆ మెరుపు ఎక్కణ్ణుంచి వచ్చిందో మాకెవరికీ తెలియలేదు. మా మాస్టారు చెప్పారు: రేగడిలో ఉండే బంకమన్ను వానకి ఉబ్బుతుంది, ఎండకి ముడుచుకుపోతుంది. ఉబ్బినప్పుడు చోటు చాలక పెళ్ళకి పెళ్ళ ఒరుసుకుంటుంది. ఏటా అలా ఒరుసుకుని ఒరుసుకుని నునుపు తేలుతుంది. వేసవిలో పైమట్టి నెర్రెల్లో పడి లోపలికి పోతుంది, వానాకాలంలో లోపలి మట్టి పైకి నెట్టుకొస్తుంది. అంటే ఆ నేల తనంతట తానే తిరగబడుతూ ఉంటుంది. రేగడి నేలలో కట్టిన ఇళ్ళ గోడలు ఎందుకు బీటలు తీస్తాయో నాకు ఆ రోజే అర్థమైంది. భూగోళం పుస్తకాల్లో ఈ నేలల్ని 'రెగర్' అంటారు. ఆ మాట మన రేగడే.

మీ హైదరాబాద్ చుట్టుపక్కల చల్క నేల వేరు. అది ఎర్రగా ఉండేది ఇనుము వల్ల. గాలి ఆడే నేలలో ఇనుము తుప్పు పట్టి ఎర్రబడుతుంది. అదే ఇనుము నీళ్ళు నిలిచే వరి మడిలో బూడిదరంగుకి మారుతుంది. వరి దుబ్బు పీకి చూడండి, బూడిదరంగు మట్టిలో వేళ్ళ పక్కన మాత్రం తుప్పు గీతలు కనపడతాయి. వేరు ఆకుల్లోంచి గాలిని కిందికి తెచ్చుకుంటుంది కాబట్టి ఆ కాస్త చోటే ఎర్రబడుతుంది. రంగును కళ్ళతో చూసి ఎరుపు అని రాస్తే ఒప్పుకోరు. మన్‌సెల్ అనే రంగుల పుస్తకం పక్కన పెట్టి '2.5 వైఆర్ 3/6' అని రాయాలి. అది ముదురెరుపు. అప్పుడు పటాన్‌చెరులో రాసింది బ్రెజిల్లో చదివినవాళ్ళకీ అర్థమవుతుంది. పటాన్‌చెరు అంటే గుర్తొచ్చింది, 1972లో మొదలైన ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ ఆవరణలో నల్లనేల, ఎర్రనేల రెండూ ఉన్నాయి. వీలు దొరికితే చూసి రండి.

నాకు ఈ చదువు మీద నిజంగా ప్రేమ పుట్టింది మాత్రం చౌడు నేలల దగ్గర. మన రైతులు చౌడును రెండు పేర్లతో పిలుస్తారు, పాల చౌడు, కారు చౌడు. పాల చౌడులో ఎండాకాలం పైన తెల్లగా ఉప్పు పేరుకుంటుంది. కారు చౌడులో నల్లటి జిడ్డు తేలుతుంది, వాన కురిస్తే నీళ్ళు ఇంకక బురదగా నిలబడతాయి. మా ల్యాబులో పాల చౌడును లవణాల కొలత (విద్యుత్ వాహకత) మీటరుకి 4 డెసీసీమెన్స్ దాటిందా అని చూసి గుర్తిస్తాం. కారు చౌడుకి ఉదజని సూచిక (పీహెచ్, క్షారం ఎంతుందో చెప్పే కొలత) 8.5 దాటుతుంది, మట్టిరేణువుల్ని సోడియం పట్టుకుని ఉంటుంది. సోడియం రేణువుల్ని కలిసి ఉండనివ్వదు, విడిపోయిన రేణువులు నేలలోని సందులు పూడ్చేస్తాయి. క్షారం ఎక్కువై కుళ్ళిన ఆకూ అలమూ కరిగి పైకి తేలుతుంది, ఆ నలుపు అదే. పరికరాలు రాకముందే రైతులు ఈ తేడా కనిపెట్టి పేర్లు పెట్టుకున్నారు. తేడా ఎందుకొచ్చిందో యూనివర్సిటీలో నేర్చుకుంటారు.

ఎందుకో తెలియాలి, వైద్యం దాని మీదే ఆధారపడి ఉంది. పాల చౌడుకి మంచినీళ్ళు నిండా పెట్టి, మురుగు కాలవ తీసి కడిగేస్తే ఉప్పు పోతుంది. కారు చౌడును ఉత్త నీళ్ళతో కడిగితే బాగుపడదు. జిప్సం వేయాలి. జిప్సంలోని కాల్షియం సోడియాన్ని నెట్టి దాని చోట్లో కూర్చుంటుంది, ఆ తర్వాత నీళ్ళు పెట్టి సోడియాన్ని బయటికి పంపాలి. పైన జీలుగ అనే పచ్చిరొట్ట పైరు వేసి కలియదున్నితే ఇంకా మంచిది. ఇంట్లోనే ఒక పరీక్ష చేసుకోవచ్చు. గాజుగ్లాసులో వాననీళ్ళు పోసి ఎండిన చిన్న మట్టిగడ్డ మెల్లగా వదలండి, కదపొద్దు. మామూలు మట్టి చిట్లి అడుగున కుప్పపడుతుంది, పైన నీళ్ళు తేటగానే ఉంటాయి. కారు చౌడు గడ్డ చుట్టూ పొగలాగా మసక అల్లుకుంటుంది. కుళాయి నీళ్ళు వాడకండి, వాటిలోని లవణాలు ఆ మసకను అణిచేస్తాయి.

ఇక ల్యాబు. కొలజాడీలో మట్టి కలిపి వదిలితే 40 సెకన్లకి ఇసుక అడుగుకి చేరుతుంది, బంకమన్ను రెండు గంటల తర్వాత కూడా తేలుతూనే ఉంటుంది. ఆ తేడాతోనే ఏది ఎంతుందో లెక్క కడతాం. మన ల్యాబుల్లో మొక్కకి అందే నత్రజనిని కొలిచే పద్ధతి 1956లో సుబ్బయ్య, అసిజా అనే మన శాస్త్రవేత్తలు చెప్పింది. ఇవన్నీ నేర్పుతారు, టెన్షన్ పడకండి. నాకు టెన్షన్ అంతా ల్యాబుకి వచ్చే మట్టి గురించే.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రైతు పొలంలో మట్టి నేనే తీశాను. తొందరలో నాలుగు చోట్లే తీశాను. అందులో ఒకటి పాత పెంటకుప్ప ఉన్న చోటు. భాస్వరం బోలెడు ఉన్నట్టు రిపోర్టు వచ్చింది. ఆయన దాన్ని నమ్మి ఆ ఏడు భాస్వరం ఎరువు మానేశాడు. పైరు కురచబడిపోయింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు, నాకు మాత్రం చాలా రోజులు నిద్ర పట్టలేదు. ల్యాబులో ఎంత జాగ్రత్తగా కొలిచినా, చేతికొచ్చిన అరకిలో మట్టి ఆ చేనుది కాకపోతే రిపోర్టంతా తప్పే. ఎకరాకి పది పదిహేను చోట్ల, గట్టుకి, చెట్టు నీడకి, పెంటకుప్పకి దూరంగా, ఇంగ్లిష్ 'వి' అక్షరంలా గుంట తీసి, పక్కనుంచి ఆరంగుళాల లోతు దాకా పొరగా చెక్కి తీయాలి. అంతా కలిపి నాలుగు భాగాలు చేసి ఎదురెదురువి రెండు ఉంచుకుంటూ అరకిలోకి తగ్గించాలి. నీడలోనే ఆరబెట్టాలి.

మిగతావి తొందరగా చెప్తాను. మన దగ్గర మృత్తికా శాస్త్రం, అంటే ఈ మట్టి చదువు, డిగ్రీలో ఒక సబ్జెక్టు. నాలుగో ఏడాది పల్లెలో రైతుల మధ్య ఉండి పనిచేయాలి, రావెప్ (గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమం) అంటారు, దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఎమ్మెస్సీలో మృత్తికా శాస్త్రమే ప్రత్యేకంగా తీసుకోవచ్చు. వ్యవసాయ శాఖ, పరిశోధన సంస్థలు, బ్యాంకులు, నాగపూర్‌లో నేలల సర్వే సంస్థ, ఇలా దారులున్నాయి. బాబీ, నీకు జియాలజీ అయితే డిగ్రీ తర్వాత ఎమ్మెస్సీ చేసి, యూపీఎస్సీ పెట్టే జియో సైంటిస్ట్ పరీక్ష రాయొచ్చు. ఆదిలాబాద్ వైపు నల్లరాయి కోట్ల ఏళ్ళ కిందటి లావా. అది నువ్వు చదువు, దాని మీద పుట్టిన రేగడి మీ అక్క చదువుతుంది.

దసరాకి వచ్చేటప్పుడు మీ కాలనీలో పునాది తవ్వుతున్న చోట అడిగి, పైమట్టి ఒక గుప్పెడు, మూడడుగుల కింద మట్టి ఒక గుప్పెడు విడివిడిగా గుడ్డసంచుల్లో తీసుకురండి. ఎరువుల సంచీలో వేయొద్దు. ఎక్కడ, ఎంత లోతున తీశారో చీటీ రాసి లోపల పెట్టండి. గ్లాసులూ వాననీళ్ళూ నేను సిద్ధం చేసి ఉంచుతాను.

ఇట్లు,
మీ అమ్మమ్మ