టీచర్ ట్రైనింగ్‌లో కంప్యూటర్: సిరోంచ వైపు అపోహలు – వాస్తవాలు

మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరోంచ, అంకీసా, ఆసరెల్లి వైపు తెలుగు ఇళ్ల పిల్లలు చాలామంది మరాఠీలో చదువుకుని డీఎల్‌ఎడ్, బీఎడ్‌ లాంటి టీచర్ ట్రైనింగ్ కోర్సుల్లో చేరతారు. వాళ్లకు కంప్యూటర్ నేర్పడమే నా పని. ప్రతి బ్యాచ్‌లోనూ ఇవే మాటలు వింటుంటాను.

అపోహ: ఎంఎస్‌-సీఐటీ సర్టిఫికెట్ ఉంటే చాలు.

వాస్తవం: 2001లో మొదలైన ఈ ప్రాథమిక కంప్యూటర్ కోర్సును మహారాష్ట్రలో చాలా ప్రభుత్వ ఉద్యోగాలకు అడుగుతారు. కాబట్టి చేయండి. కానీ బడిలో చేరాక హెడ్‌మాస్టర్ మీ ముందు పెట్టేది యూనిట్ టెస్ట్ మార్కుల షీటు. నలుగురికి 20, 18, 16, 18 వచ్చాయి, ఐదో పిల్ల జ్వరంతో రాలేదు అనుకోండి. ఆ గడిని ఖాళీగా వదిలేస్తే ఎక్సెల్ సగటు 18 చూపిస్తుంది. సున్నా కొడితే 14.4కు పడిపోతుంది. యావరేజ్ ఫార్ములా ఖాళీ గడిని వదిలేస్తుంది, సున్నాను మాత్రం లెక్కలో కలుపుతుంది. పరీక్షకు రాని పిల్లను పరీక్షలో ఫెయిలైన పిల్లగా చూపించడం అన్యాయం. అందుకే ఈ ఒక్క విషయం మీద ఒక క్లాసంతా గడుపుతాను.

అపోహ: కంప్యూటర్ నేర్చుకోవాల్సింది సైన్స్ చెప్పేవాళ్లే, భాషలు చెప్పేవాళ్లకు అక్కర్లేదు.

వాస్తవం: రెండేళ్ల బీఎడ్ పాఠ్యప్రణాళికలో ఐసీటీ, అంటే బోధనలో కంప్యూటర్ వాడకం, అందరికీ ఉంది, చెప్పే సబ్జెక్టు (మెథడ్) ఏదైనా సరే.

అపోహ: మహారాష్ట్ర టీచర్ ఉద్యోగాల పరీక్ష టెయిట్ ఆన్‌లైన్‌లో రాయాలి, టైపింగ్ రాకపోతే అంతే.

వాస్తవం: అందులో టైపింగ్ ఉండదు, మౌస్‌తో జవాబు ఎంచుకోవడమే. 120 నిమిషాల్లో 200 ప్రశ్నలు, అంటే ఒక్కోదానికి 36 సెకన్లు. స్క్రీన్ మీద చదవడం అలవాటు లేనివాళ్లకు ఆ టైమ్ చాలదు, టెన్షన్ అక్కడే మొదలవుతుంది. మాక్ టెస్టులు ఫోన్‌లో కాకుండా కంప్యూటర్ మీదే రాయండి.

అపోహ: తెలుగు, మరాఠీ టైపింగ్ వేర్వేరుగా నేర్చుకోవాలి.

వాస్తవం: మన పిల్లలకు అన్నిటికంటే పనికొచ్చే సంగతి ఇదే, ఎవరూ చెప్పరు. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు భారతీయ లిపులన్నిటికీ ఒకే పద్ధతిలో ఉంటుంది. ఇంగ్లిష్ 'కే' (K) బటన్ నొక్కితే తెలుగులో క, మరాఠీలో క. హెచ్ నొక్కితే రెండింట్లోనూ ప. ఒత్తులకు, జోడాక్షరాలకు హలంతు (్ గుర్తు) 'డి' (D) మీద ఉంటుంది. ఎ, ఒ లాంటి కొన్ని అక్షరాల దగ్గర తేడా ఉంటుంది, అది త్వరగానే పట్టుబడుతుంది. ఇంట్లో మాట్లాడే భాషలో వేళ్లు తిరిగితే, మరాఠీ లెసన్ ప్లాన్ టైప్ చేయడం కూడా చేతికొచ్చినట్టే. ఒక జాగ్రత్త: ఏ కంప్యూటర్ అయినా చదవగలిగే యూనికోడ్‌లోనే టైప్ చేయండి. పాత డీటీపీ ఫాంట్లలో చేసిన ఫైలు ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి గీతలే కనిపిస్తాయి.

అపోహ: మా ఊరి బడిలో నెట్ రాదు, నేర్చుకుని ఏం లాభం?

వాస్తవం: 2017లో వచ్చిన, బడి పాఠాలుండే ప్రభుత్వ దీక్షా యాప్‌లో పాఠాలను డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకుండానే చూడొచ్చు. సిగ్నల్ దొరికే చోట వారానికి కావాల్సినవి దించుకోండి. ప్రాక్టీస్ టీచింగ్‌కు వెళ్లే ముందు రోజు ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, ప్రతి వీడియో తెరుచుకుంటుందో లేదో చూసుకోండి.