కార్డు, ఆసుపత్రి, మన ఉద్దానం: మనవలకు ఉత్తరం

చిన్నీ, బాబీ,

మొన్న ఫోన్లో మీరిద్దరూ ఒకరి మాటకు ఒకరు అడ్డం పడుతుంటే నాకు సగమే వినబడింది. కొత్త మెడికల్ కాలేజీలను ప్రభుత్వమే కట్టాలా, ప్రైవేటు వాళ్లతో కలిసి కట్టించాలా అని స్కూల్లో వాదన పోటీ పెట్టారనీ, చిన్ని ప్రైవేటు భాగస్వామ్యం పక్క, బాబీ ప్రభుత్వమే కట్టాలనే పక్క నిలబడాలనీ మాత్రం తెలిసింది. చివర్లో బాబీ అడిగాడు: "అమ్మమ్మా, ఇంతకీ ఆ రెండు పక్కల నాయకుల్లో ఎవరు కరెక్టు?" పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని ఫోన్ పెట్టేశాను కానీ, ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ముప్పై నాలుగేళ్లు ఏఎన్ఎంగా, అంటే ఊరూరా తిరిగే ప్రభుత్వ నర్సుగా, శ్రీకాకుళం జిల్లాలోని ఈ ఉద్దానం ఊళ్లల్లో తిరిగినదాన్ని. టీవీలో మాట్లాడేవాళ్లకంటే నాకు ఈ సంగతి కొంచెం దగ్గర్నించి తెలుసు. అందుకే రాస్తున్నాను.

ముందు ఒక్క సంగతి. ఆసుపత్రుల గురించి ఢిల్లీ వాళ్లతో కంటే అమరావతి వాళ్లతో ఎందుకు ఎక్కువ గొడవ పడతాం? మన రాజ్యాంగంలో ప్రజారోగ్యం, పారిశుధ్యం, ఆసుపత్రులు రాష్ట్రాల జాబితాలో ఉన్నాయి. మెడికల్ చదువు మాత్రం కేంద్రం, రాష్ట్రం ఇద్దరి చేతుల్లోనూ ఉంటుంది. కాబట్టి మన పీహెచ్‌సీలో, అంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, డాక్టరు ఉన్నాడా లేడా అన్నది ముఖ్యమంత్రి జవాబు చెప్పాల్సిన ప్రశ్న.

ఇక మన ఊరి సంగతి. నేను ఉద్యోగంలో చేరిన 1983లో సబ్ సెంటర్ అంటే ఒక అద్దె గది. టీకాలు, కాన్పులు, కుటుంబ నియంత్రణ, ఇవే మా పనులు. పెద్ద జబ్బు వస్తే విశాఖలోని ప్రభుత్వ పెద్దాసుపత్రి కేజీహెచ్, లేదా దేవుడు. కవిటి దగ్గర ఒక ఇంట్లో నాలుగేళ్ల పిల్లాడికి గుండెలో చిల్లు ఉందన్నారు. వాళ్ల నాన్న జీడితోట అమ్మాడు. చాలలేదు. ఆ రోజుల్లో ముఖ్యమంత్రి సహాయనిధికి అర్జీ పెట్టుకోవడం ఒక్కటే దారి. ఆ అర్జీ నేనే రాసిపెట్టాను. జవాబు వచ్చేలోగా పిల్లాడు పోయాడు. ఆ కాగితం మీద నా చేతిరాత ఇప్పటికీ కళ్ల ముందు కనిపిస్తుంది.

అందుకే 2007 ఏప్రిల్ 1న రాజశేఖరరెడ్డి గారు ఆరోగ్యశ్రీ మొదలుపెట్టి, ముందుగా మూడే జిల్లాలకు, అనంతపురం, మహబూబ్‌నగర్, మన శ్రీకాకుళానికి ఇచ్చినప్పుడు నేను ఏడ్చాను. తెల్ల రేషన్ కార్డు ఉంటే చాలు, కార్పొరేట్ ఆసుపత్రి గుమ్మం తొక్కవచ్చు. గుమ్మం దగ్గర ఆరోగ్యమిత్ర కూర్చుని కాగితాలు చూసుకుంటాడు. అంతకు రెండేళ్ల ముందే 108 అంబులెన్సులు వచ్చాయి. ఆయన 2003లో చేవెళ్ల నుంచి నడుచుకుంటూ వచ్చి ఆగింది మన ఇచ్ఛాపురంలోనే. దారంతా జనం చూపించిన కాగితాల్లో ఆసుపత్రి బిల్లులు ఎన్ని ఉండి ఉంటాయో నేను ఊహించగలను.

అయితే అప్పుడు కూడా కాదన్నవాళ్లు ఉన్నారు, వాళ్లు చెడ్డవాళ్లు కారు. ఎర్రజెండా పార్టీల వాళ్లు, కొందరు ప్రజావైద్యులు అడిగింది ఇదీ: "ఆ డబ్బు ప్రైవేటు ఆసుపత్రులకు బిల్లులుగా పోతే గవర్నమెంటు ఆసుపత్రికి ఏం మిగులుతుంది?" అప్పుడు నాకు వాళ్ల మీద కోపం వచ్చింది. తరవాత అర్థమైంది. కార్డు పెద్ద ఆపరేషన్‌కి డబ్బు కట్టేది. జ్వరానికి, బీపీ మాత్రకు, రక్తపరీక్షకు కట్టేది కాదు. అంటే మనిషి జబ్బు ముదిరేదాకా ఆగి, ముదిరాక వెళ్లాలి. పైగా డబ్బు ఎక్కడ వస్తుందో అక్కడ అక్కర్లేని కోతలూ వస్తాయి. అవసరం లేకుండా గర్భసంచులు తీసేస్తున్నారని గోల లేచింది. చివరికి ప్రభుత్వమే కొన్ని చికిత్సల్ని ప్రభుత్వ ఆసుపత్రులకే పరిమితం చేయాల్సి వచ్చింది. మన ఊరి ఆవిడ ఒకామె, ముప్పై రెండేళ్లది, పట్నంలో ఒక ఆసుపత్రిలో ఆ ఆపరేషన్ చేయించుకుని వచ్చి, "తీసేస్తే మంచిదన్నారు నర్సమ్మా" అంది. నన్ను ముందే అడిగి ఉంటే వద్దనేదాన్ని.

మీరిద్దరూ పట్టుకోవాల్సిన ముడి ఇదే. డబ్బు మనిషి వెంట ఆసుపత్రికి వెళ్లాలా, లేక ఆసుపత్రిలోనే, ఊళ్లోనే ఉండాలా? ఎంత పెద్ద నాయకుడైనా ఈ రెంటిలో ఒకదాని వైపు కొంచెం ఎక్కువ మొగ్గుతాడు.

ఉద్దానం సంగతి చూస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. ఉద్యానం అన్న మాటే ఉద్దానం అయిందంటారు. కొబ్బరి, జీడి, పనస. ఇంత పచ్చటి నేల మీద ఇన్ని కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఎన్ని పరీక్షలు చేసినా ఇదీ అని ఒక్క కారణం తేలలేదు. మన దగ్గర చదువు రాని ముసలమ్మ కూడా "నా క్రియాటినిన్ ఎంతొచ్చింది?" అని అడుగుతుంది. కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష అంకె అది. వేరే జిల్లాలో ఆ మాట డాక్టర్లకే తెలుస్తుంది.

ఇక్కడికి అందరూ వచ్చారు. చంద్రబాబు గారి ప్రభుత్వంలో సోంపేట, పలాసల్లో డయాలసిస్ కేంద్రాలు, శుద్ధి చేసిన మంచినీళ్ల ప్లాంట్లు వచ్చాయి, డయాలసిస్ రోగులకు నెలకు 2,500 రూపాయల పింఛను మొదలైంది. పవన్ కల్యాణ్ గారు 2017 జనవరిలో ఇచ్ఛాపురం వచ్చి రోగుల పక్కన కూర్చున్నారు, ఆ ఏడాదే హార్వర్డ్ డాక్టర్లను విశాఖ రప్పించారు. ఆ రోజు నుంచే మా కష్టం హైదరాబాద్ టీవీలకు కనబడింది. జగన్మోహన్ రెడ్డి గారు 2019లో రాగానే ఆ పింఛన్ను 10,000 చేశారు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. హిరమండలం రిజర్వాయరు నుంచి 700 కోట్లతో నీళ్లు తెచ్చే పథకాన్నీ అదే రోజు ప్రారంభించారు. ఇన్నేళ్లలో నేను చూసిన వాటిలో ఆ నీళ్ల గొట్టం, ఆ ఆసుపత్రి నాకు చాలా పెద్ద పనులు. అలాగని ముందు వచ్చిన డయాలసిస్ మిషన్లు లేకపోతే ఆ గొట్టం వచ్చేదాకా బతికి ఉండేవాళ్లు ఎందరు? వారానికి రెండు మూడు సార్లు, తెల్లవారుజామునే లేచి, బస్సులో విశాఖ వెళ్లి రావడం ఎలాంటిదో మీ తాతయ్య తమ్ముడిని చూసి నాకు తెలుసు.

మన సరిహద్దు దాటితే ఒడిశా. బరంపురంలో మన చుట్టాల ఇంట్లో వేరే కార్డు ఉండేది. అప్పటి ముఖ్యమంత్రి నవీన్ పట్నాయక్ గారు కేంద్రం ఇచ్చే ఆరోగ్య బీమా పథకం ఆయుష్మాన్ భారత్ వద్దని, తన సొంత పథకం పెట్టుకున్నారు. ఇంటికి ఏడాదికి 5 లక్షలు, ఆడవాళ్లకు 10 లక్షలు. 2024లో ప్రభుత్వం మారింది, 2025లో ఒడిశా ఆయుష్మాన్‌లో చేరింది. తెలంగాణలో కేసీఆర్ గారు కూడా మా ఆరోగ్యశ్రీ మాకు చాలని మొదట్లో చేరలేదు, తరవాత చేరారు. రేవంత్ రెడ్డి గారు వచ్చిన రెండు రోజులకే 2023 డిసెంబరు 9న అక్కడి ఆరోగ్యశ్రీని 10 లక్షలకు పెంచారు. మన దగ్గర జగన్ గారు అదే నెలలో 25 లక్షలు అన్నారు.

ఈ లక్షల పోటీ చూస్తే నాకు బెంగ. అంకె పోస్టరు మీద పడుతుంది, ఖాళీగా ఉన్న నర్సు పోస్టు పోస్టరు మీద పడదు. 25 లక్షల వైద్యం అవసరమయ్యే ఇల్లు ఏ ఊళ్లోనైనా ఒకటో రెండో. బీపీ మాత్ర రోజూ కావాల్సిన ఇల్లు ప్రతి వీధిలో పది.

ఆ కార్డు డబ్బు ఎలా కట్టాలన్న దాని మీద కూడా తగువే. ఆరోగ్యశ్రీ బీమా కంపెనీతో మొదలై, తరవాత ప్రభుత్వ ట్రస్టు నేరుగా బిల్లు కట్టే పద్ధతికి వచ్చింది. చంద్రబాబు గారి ప్రభుత్వం 2025 సెప్టెంబరులో రెండూ కలపాలని నిర్ణయించింది. 2.5 లక్షల దాకా పేద, ధనిక తేడా లేకుండా అందరికీ బీమా, ఆ పైన 25 లక్షల దాకా పేద కుటుంబాలకు ట్రస్టు అన్నారు. బీమా కంపెనీ అయితే డబ్బు త్వరగా ఇస్తుందని ఒకరు, కంపెనీ లాభం చూసుకుని కేసులు కొట్టేస్తుందని ఇంకొకరు. ఇద్దరి మాటలోనూ బరువుంది. ట్రస్టు బిల్లులు పేరుకుపోయి ఆసుపత్రులు సేవలు ఆపేయడం రెండు ప్రభుత్వాల కాలంలోనూ చూశాం. ఆపేసిన రోజున గేటు దగ్గర నిలబడేది రోగే కదా. బీమా వాళ్లు కాగితం తిప్పి పంపినా నిలబడేది ఆ రోగే.

ఇప్పుడు మీ పోటీ. జగన్ గారి ప్రభుత్వం 17 కొత్త మెడికల్ కాలేజీలు తలపెట్టింది. విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాల 2023లో తెరుచుకున్నాయి. మిగిలిన వాటిలో పదింటిని, మన పక్కన పార్వతీపురంతో సహా, ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్యంలో కట్టిస్తామని చంద్రబాబు గారి మంత్రివర్గం 2025 సెప్టెంబరులో నిర్ణయించింది. ప్రభుత్వం మాట: అన్నీ మనమే కట్టాలంటే వేల కోట్లు, ఏళ్లకేళ్లు పడతాయి, భూమి మనదే ఉంటుంది, పని త్వరగా అవుతుంది. ప్రతిపక్షం మాట: పేదల ఆస్తి ప్రైవేటు చేతుల్లో పడుతుంది, సీట్లు కొనుక్కునేవాళ్లకే దక్కుతాయి. దీని మీద కోటి సంతకాల ఉద్యమం చేశారు.

బాబీ, నీ పక్క వాళ్లు ఒక సంగతి దాచకూడదు. ఆ కొత్త ప్రభుత్వ కాలేజీల్లో రాష్ట్ర కోటా సీట్లలో సగాన్ని 2023లో జగన్ గారి ప్రభుత్వమే ఫీజు సీట్లు చేసింది. బి కేటగిరీకి ఏడాదికి 12 లక్షలు, ఎన్ఆర్ఐ సీటుకు 20 లక్షలు. చిన్నీ, నీ పక్క వాళ్లూ ఇంకొకటి దాచకూడదు. ఆ ఫీజు సీట్ల జీవోలను అప్పుడు గట్టిగా తప్పుబట్టి, అధికారంలోకి వచ్చిన వంద రోజుల్లో రద్దు చేస్తామన్నది లోకేశ్ గారు. కుర్చీ మారితే మాట మారింది, ఇద్దరిదీ. మీ అమ్మ ఫోన్లో చెప్పింది, చిన్నికి డాక్టరు అవ్వాలని ఉందట. ఆ 12 లక్షలు మనింట్లో ఎక్కడి నుంచి వస్తాయి? అందుకే ఇది నాకు వేరేవాళ్ల తగువు కాదు.

నా మనసులో మాట అడిగితే చెప్తాను. పెద్దాసుపత్రి, కాలేజీ ప్రభుత్వానివే అయి ఉండాలి. ఎందుకంటే లాభం రాని జబ్బు చాలా ఉంది, మన ఉద్దానం జబ్బు అలాంటిదే. దాన్ని ఎవరూ లాభానికి చూడరు. కానీ కట్టేసి డాక్టర్లు లేకుండా వదిలేసిన భవనాన్ని కూడా నేను ఒప్పుకోను. రాత్రి రెండింటికి పురిటి నొప్పులతో వచ్చిన పిల్ల కోసం గెడ తీసేవాళ్లు లేని ఆసుపత్రిని నా సర్వీసులో చూశాను. గోడకు రంగు కొత్తదే.

మీ టీచరు ఒప్పుకుంటే పోటీలో ఈ ప్రశ్నలు అడగండి. పార్వతీపురం కాలేజీలో కన్వీనర్ కోటా సీట్లు, అంటే ర్యాంకును బట్టి తక్కువ ఫీజుకు ఇచ్చేవి, ఎన్ని? ఆ ఆసుపత్రిలో ఓపీ చీటీకి, స్కానింగుకి డబ్బు తీసుకుంటారా? కాంట్రాక్టు ఎన్నేళ్లు, మధ్యలో కంపెనీ చేతులెత్తేస్తే ఎవరు నడుపుతారు? రాత్రి డ్యూటీలో ఎందరు? రెండు పక్కల వాళ్లనీ ఇవే అడగండి. జవాబు అంకెల్లో వస్తే రాసుకుని నాకు పంపండి, నాకూ కావాలి.

ఇక్కడ నేను బాగానే ఉన్నాను. రిటైరై ఎనిమిదేళ్లయినా పొద్దున్నే మన అరుగు మీద పది మంది చేరతారు, బీపీ చూడమని. మొన్న పక్కవీధి కుర్రాడికి, ఇరవై ఎనిమిదేళ్లవాడికి, 170 చూపించింది. వెంటనే రక్తపరీక్షకు పంపాను. క్రియాటినిన్ 1.9. ఇంకా టైముంది వాడికి. వచ్చే గురువారం వాడిని వెంటబెట్టుకుని పలాస వెళ్తున్నాను.

సంక్రాంతికి వచ్చేటప్పుడు బీపీ మిషన్‌కి సెల్లులు పట్రండి, సన్నవి, నాలుగు. ఇక్కడి కొట్లో దొరికేవి వారం కూడా రావడం లేదు.

మీ అమ్మమ్మ